కాటా లోపల ఏటుందో తెలియకపోతే తూకంలో మోసపోతాం: ఆప్-ఆంప్ మన పిల్లలకి ఎందుకు రావాలంటే



పోస్టు పెద్దది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ చదివాకే తిట్టండి.

ప్రతి ఏడాదీ పాలిసెట్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు వచ్చాయంటే మన గ్రూపులో ఒకే మాట తిరుగుతాది. "ఈసీఈ వద్దురా తమ్ముడూ. ఆ సర్క్యూట్లు మన ఏజెన్సీ గుంటలకి ఎక్కవు. కంప్యూటర్స్ దొరికితే తీసుకో, లేకపోతే టీచర్ ట్రైనింగ్ చేసుకో." చెప్పేవాళ్లు శత్రువులు కాదు. మన సీనియర్లే. ప్రేమతోనే చెప్తారు. అయినా ఆ మాట తప్పు. తప్పు మాత్రమే కాదు, మన మీద మనమే వేసుకుంటున్న సంకెల అది.

లెక్చరర్లలో కూడా కొందరు ఇదే పాట పాడతారు. ఒక కాలేజీలో క్లాసులో అందరి ముందూ, "హాస్టల్ బ్యాచ్‌కి ఆప్-ఆంప్ అర్థం కాదు, డయాగ్రమ్ బట్టీ పట్టండి, పాస్ మార్కులు వస్తాయి" అన్న మాట నా చెవులతో నేనే విన్నాను. సాయం చేస్తున్నానని ఆయన అనుకున్నారు. ఆ ఒక్క మాటతో వెనక బెంచీలో కూర్చున్న పదిమంది పుస్తకం మూసేశారు.

అందుకే ఈ రోజు రెండు విషయాలు తేల్చుకుందాం. ఆప్-ఆంప్ నిజంగా మనకి రానిదేనా? వస్తే మనకి ఒరిగేదేటి?

ముందు రెండోదానికి జవాబు

చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు, పసుపు పట్టుకుని మన అమ్మలు, అప్పలు సంతకి దిగుతారు. ఒకప్పుడు తక్కెడ ఉండేది. ముల్లు ఎటు వాలిందో కంటికి కనపడేది. ఇప్పుడు షావుకారు దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉంది. ఎర్ర అంకెలు వెలుగుతాయి. అంకె ఎంతంటే అంత. అడిగేవాడు లేడు.

ఆ కాటా లోపల ఏటుంది? పళ్లెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటాది. బరువు పడితే అది కంటికి కనపడనంతగా వంగుతాది. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజిల రెసిస్టెన్స్ కొద్దిగా మారుతాది. నాలుగు గేజిలు వీట్‌స్టన్ బ్రిడ్జిలా కలిపి ఉంటాయి. మామూలు లోడ్ సెల్‌కి 5 వోల్టులు ఇస్తే, పూర్తి బరువు పెట్టినా బయటికొచ్చేది 10 మిల్లీవోల్టులు. అంత చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసి అంకెగా మార్చే దారిలో మొదట నిలబడేది యాంప్లిఫయర్. ఈ రోజుల్లో అది కూడా ఒకే చిప్‌లో ఉండొచ్చు. లోపల లెక్క మాత్రం ఆప్-ఆంప్ లెక్కే.

దాని గెయిన్ 100 అయితే 10 మిల్లీవోల్టులు 1 వోల్టు అవుతాయి. ఆ గెయిన్ 95కి తగ్గితే? లేదా తగ్గిస్తే? 100 కేజీల జీడిపిక్కలు 95 కేజీలుగా కనపడతాయి. ఖాళీ కాటా మీద మాత్రం సున్నా సరిగ్గానే ఉంటాది. "చూడమ్మా, జీరో చూపిస్తోంది కదా" అంటాడు. అమ్మ నమ్ముతాది.

ఇక్కడే ఆప్-ఆంప్ చదివిన గుంటడో, గుంటో పక్కన ఉంటే ఏటి చేస్తారు? ముద్ర ఉన్న 10 కేజీల రాయి పెడతారు. 9.5 చూపిస్తాది. రెండు రాళ్లు పెడతారు. 19 చూపిస్తాది. బరువుతో పాటు తేడా కూడా పెరుగుతోంది కాబట్టి అది గెయిన్ తప్పు. ఎంత బరువు పెట్టినా అదే అర కేజీ తేడా వస్తే అది ఆఫ్‌సెట్ తప్పు. ఈ రెండు మాటలూ లీనియర్ ఐసీ పుస్తకంలోవే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, సంతలో మన ఏడాది కష్టం. తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు రాసేటప్పుడు "మోసం జరుగుతోంది" అని ఊరికే రాయడానికీ, "10 కేజీలకి అర కేజీ, 20 కేజీలకి ఒక కేజీ తక్కువ చూపిస్తోంది" అని రాయడానికీ తేడా ఉంది. రెండో కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

కాటా ఒక్కటే కాదు. ఈసీజీ మెషిన్‌కి అందే గుండె సిగ్నల్ సుమారు ఒక మిల్లీవోల్టు. దాని మీద కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద ఎన్నో రెట్లు ఎక్కి కూర్చుంటాది. రెండు తీగల్లోనూ సమానంగా ఉన్న రొదని తీసేసి, తేడాగా ఉన్న గుండె సిగ్నల్‌ని మాత్రమే పెంచేది ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్. పుస్తకాల్లో చూపించేది మూడు ఆప్-ఆంప్‌ల బొమ్మ. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌లో ఫోటోడయోడ్ కరెంటుని వోల్టేజిగా మార్చేదీ ఈ జాతిదే. డోలీలో మోసుకుని కొండ దిగి వచ్చాక ఆస్పత్రిలో మెషిన్ మీద "పని చేయదు" అని కాగితం అంటించి ఉంటే ఆ నొప్పి ఏటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. వైద్య పరికరాలు తయారు చేసే మెడ్‌టెక్ జోన్ మన పక్కనే విశాఖపట్నంలో ఉంది. ఆ పరికరాలు తయారు చేసేవాళ్లలో, బాగుచేసేవాళ్లలో సవర, జాతాపు, గదబ, కొండదొర పేర్లు ఎన్ని వినపడుతున్నాయి?

ఇప్పుడు మొదటి ప్రశ్న: మనకి రాదా?

ఆపరేషనల్ యాంప్లిఫయర్ అన్న పేరు 1947లో ఒక పరిశోధన పత్రంతో వాడుకలోకి వచ్చింది. అప్పట్లో వాక్యూమ్ ట్యూబులతో కట్టేవారు. కూడికలు, తీసివేతలు, ఇంటిగ్రేషన్ లాంటి "ఆపరేషన్లు" చేస్తాది కాబట్టి ఆ పేరు. 1965లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ 709 చిప్ చేశాడు. 1968లో అదే కంపెనీలో డేవ్ ఫుల్లగార్ 741 చేశాడు. మన ల్యాబుల్లో ఈ రోజుకీ కనపడే ఎనిమిది కాళ్ల నల్ల పురుగు అదే.

దాని సొంత గెయిన్ సుమారు 2 లక్షలు. మరి అంత గెయిన్ ఉన్నదాన్ని 10 రెట్లకే ఎందుకు కట్టేస్తాం? ఈ ప్రశ్న క్లాసులో ఎవరూ అడగరు. అడిగినా "ఫార్ములా రాసుకో" అంటారు. జవాబు 1927 నాటిది. హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు న్యూయార్క్ దగ్గర పడవ మీద ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీద ఒక బొమ్మ గీశాడు. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, ఇన్‌పుట్ నుంచి తీసివేయాలి. అదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. కష్టపడి పెంచిన గెయిన్‌ని పారేయడం పిచ్చితనం అనుకున్నారు జనం. పేటెంటు చేతికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

లాభం ఏటంటే, పారేసిన గెయిన్‌కి బదులు నమ్మకం దొరుకుతాది. రెండు రెసిస్టర్లతో 11 రెట్ల యాంప్లిఫయర్ కట్టారనుకోండి. చిప్ గెయిన్ 2 లక్షలుంటే అసలు జవాబు 10.9994. వేడికో, పాతబడో చిప్ గెయిన్ లక్షకి పడిపోయినా 10.9988. చిప్ సగానికి పడిపోయినా మన లెక్క కదల్లేదు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం సబ్జెక్టు అయిపోయినట్టే.

మిగతా సగానికి కావలసినవి రెండు సూత్రాలు:

ఒకటి: ఇన్‌పుట్ కాళ్లలోకి కరెంటు వెళ్లదు (దాదాపు).
రెండు: నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉండి, ఔట్‌పుట్ హద్దుల్లో ఉంటే, ప్లస్ కాలు, మైనస్ కాలు ఒకే వోల్టేజి దగ్గర ఉంటాయి.

వీటికి కిర్చాఫ్ కరెంటు సూత్రం తోడు. అది మనకి కొత్తా? కొండ మీద నుంచి గెడ్డ నీళ్లు పైపుల్లో ఊర్లోకి తెచ్చుకుంటాం. పైపు రెండుగా చీలిన చోట ఎంత నీరు వచ్చిందో అంతే బయటికి వెళ్లాలి. కరెంటుకీ అంతే.

ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ చూడండి. ప్లస్ కాలు గ్రౌండ్‌కి, అంటే సున్నా. రెండో సూత్రం ప్రకారం మైనస్ కాలు కూడా సున్నా. ఇన్‌పుట్ 1 వోల్టు, 1 కిలో ఓమ్ రెసిస్టర్. కరెంటు 1 మిల్లీ ఆంపియర్. మైనస్ కాలిలోకి దారి లేదు కాబట్టి మొత్తం 10 కిలో ఓముల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గుండానే పోవాలి. అక్కడ 10 వోల్టులు పడిపోతాయి. సున్నా నుంచి 10 పడితే మైనస్ 10. ఔట్‌పుట్ మైనస్ 10 వోల్టులు. అయిపోయింది. ఇందులో ఏ ఫార్ములా బట్టీ పట్టాం? పదో తరగతి ఓమ్ నియమం దాటి ఎక్కడికి వెళ్లాం?

ఇప్పుడు ఇన్‌పుట్ 2 వోల్టులు చేయండి. బట్టీ పట్టినోడు మైనస్ 20 అంటాడు. చిప్‌కి ఇచ్చింది ప్లస్ 15, మైనస్ 15 మాత్రమే. ఔట్‌పుట్ మైనస్ 13, 14 దగ్గర ఆగిపోతాది. అప్పుడు మైనస్ కాలు సున్నా దగ్గర ఉండదు, రెండో సూత్రం చెల్లదు. గేట్ లాంటి పరీక్షల్లో ఉచ్చు పెట్టేది ఇలాంటి చోటే. సూత్రం ఎప్పుడు చెల్లదో తెలిసినోడికే సూత్రం వచ్చినట్టు.

అనాలిసిస్ వేరు, డిజైన్ వేరు

ఇచ్చిన సర్క్యూట్‌కి జవాబు చెప్పడం అనాలిసిస్. ఊరి సమస్యకి సర్క్యూట్ కట్టడం డిజైన్. మన కాలేజీల్లో మొదటిది సగం చెప్తారు, రెండోది దాదాపు చెప్పరు. అందుకే ఒక ఉదాహరణ ఇక్కడే చేద్దాం.

కొండ ఊర్లలో సోలార్ లైట్లు పెడతారు. కొన్నాళ్లకి బ్యాటరీ చచ్చిపోతాది. చాలాసార్లు కారణం, బ్యాటరీని పూర్తిగా పిండేయడం. 12 వోల్టుల బ్యాటరీ 11.5కి దిగగానే లైటు ఆగాలి, మళ్లీ చార్జయి 12.5కి చేరాకే వెలగాలి. రెండూ ఒకే అంకె దగ్గర పెడితే ఏటవుతాది? లైటు ఆగగానే బ్యాటరీ వోల్టేజి కొంచెం పైకి లేస్తాది, లైటు వెలుగుతాది, మళ్లీ దిగుతాది, ఆగుతాది. రాత్రంతా టపటపా కొట్టుకుంటాది. అందుకే ఈ ఒక్క వోల్టు ఎడం. దీన్నే హిస్టరిసిస్ అంటారు.

చిప్: ఎల్ఎం358. 741 ఎందుకు కాదు? ఒకే 12 వోల్టుల సప్లైతో 741 ఔట్‌పుట్ సున్నా దగ్గరికి దిగలేదు. 358 దిగుతాది. పైకి మాత్రం సప్లై కంటే సుమారు 1.5 వోల్టులు కింద ఆగుతాది. ఇవి డేటాషీట్ చదివితే తెలిసే విషయాలు.

మైనస్ కాలికి 5.1 వోల్టుల జీనర్. ప్లస్ కాలికి మూడు రెసిస్టర్లు: బ్యాటరీ నుంచి ఆర్1, గ్రౌండ్‌కి ఆర్2, ఔట్‌పుట్ నుంచి ఆర్3. ఔట్‌పుట్ పైకి ఉంటే మాస్‌ఫెట్ ఆన్ అయి లైటు వెలుగుతాది. ఇక్కడ ఫీడ్‌బ్యాక్ ప్లస్ కాలికి, అంటే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. కాబట్టి రెండో సూత్రం వాడకూడదు. మారే క్షణంలో మాత్రమే ప్లస్ కాలు 5.1 దగ్గర ఉంటాది. ఆ క్షణాలు రెండు.

ఆన్ అయ్యే క్షణం: బ్యాటరీ 12.5, ఔట్‌పుట్ సున్నా.
ఆఫ్ అయ్యే క్షణం: బ్యాటరీ 11.5, ఔట్‌పుట్ 10.

రెండు చోట్లా కిర్చాఫ్ రాసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే, ఆర్3 అనేది ఆర్1కి పది రెట్లు ఉండాలని వస్తాది. ఆర్1 10 కిలో ఓములు పెడితే ఆర్3 100 కిలో ఓములు. ఆర్2 సుమారు 7.4 కిలో ఓములు. అంగట్లో 7.4 దొరకదు. 6.8 కిలో ఓములకి వరసలో 1 కిలో ఓమ్ ప్రీసెట్ పెట్టి తిప్పుకోండి.

సరిచూద్దాం. ఆఫ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చేది 6.4 బై 10, అంటే 0.64 మిల్లీ ఆంపియర్. ఔట్‌పుట్ నుంచి వచ్చేది 4.9 బై 100, అంటే 0.049. మొత్తం 0.689. ఆర్2 గుండా పోయేది 5.1 బై 7.4, అదీ 0.689. గెడ్డ నీళ్ల లెక్క సరిపోయింది. ఆన్ అయ్యే క్షణం మీరే చూసుకోండి, అదీ సరిపోతాది.

చెప్పండి, ఇందులో ఏజెన్సీ బుర్రకి ఎక్కనిది ఏటి?

ఎదురు మాటలకి జవాబులు

"కోర్ ఉద్యోగాలు లేవన్నా, సాఫ్ట్‌వేరే దిక్కు." సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు ఎక్కువ, నిజమే. వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి, ఎవరూ ఆపట్లేదు. కానీ ఈసీఈలో సీటు వచ్చాక కూడా నాలుగేళ్లు సబ్జెక్టు ముట్టుకోకుండా గడిపేవాళ్ల సంగతి నేను మాట్లాడుతున్నది. విశాఖలో నేవల్ డాక్‌యార్డ్, ఎన్ఎస్‌టీఎల్, మచిలీపట్నంలో బీఈఎల్, హైదరాబాద్‌లో ఈసీఐఎల్, ఇంకా రైల్వే సిగ్నల్స్, ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు. వీటన్నిటికీ డిప్లొమా, బీటెక్ ఎలక్ట్రానిక్స్ అడుగుతారు. గేట్‌లో ఎస్టీ అభ్యర్థులకి అర్హత మార్కు జనరల్ మార్కులో మూడింట రెండు వంతులు. రిజర్వేషన్ మన హక్కు, అది తలుపు తెరుస్తాది. లోపలికి నడవాల్సింది మన కాళ్లే.

"మనకి టీచర్ పోస్టులే సేఫ్." ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న జీవో నంబర్ 3, 2000 సంవత్సరం నాటిది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాడాలి, పోరాడుతున్నాం. కానీ మొత్తం జాతి బతుకుని ఒక్క కాగితానికి కట్టేస్తే ఆ కాగితం చిరిగిన రోజు ఏటవుతాదో చూశాం కదా. ఒక చేతిలో జెండా ఉండనీ, రెండో చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండాలి.

"అంతా ఇంగ్లీషు, అందుకే రాదు." ఇది మాత్రం నిజమైన ఇబ్బంది. ఇంట్లో సవర, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడు మెట్లు ఒకేసారి ఎక్కమంటే ఎవరైనా జారతారు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని, మన పిల్లలకి మన మాటలోనే పాఠాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. బయటి మనిషి అంత కష్టపడ్డాడు. ఆప్-ఆంప్‌ని సవరలో, కువిలో, మన తెలుగులో చెప్పడానికి మనలో చదువుకున్నోళ్లకి అడ్డం ఏటి? పదాలు ఇంగ్లీషువే ఉంచండి. వివరణ మాత్రం ఇంటి మాటలో చెప్పండి. పరీక్ష ఇంగ్లీషులో రాద్దాం, ఆలోచన మన భాషలో చేద్దాం.

"సిమ్యులేషన్ చేస్తే చాలు, ల్యాబ్ ఎందుకు." ఎల్‌టీ స్పైస్ ఉచితం, తప్పకుండా వాడండి. కానీ లూజు వైరు, కాలిన చిప్, తిరగేసి పెట్టిన సప్లై స్క్రీన్ మీద దొరకవు. చెయ్యి పెట్టినోడికే దొరుకుతాయి.

అడగాల్సినవి, చేయాల్సినవి

కాలేజీలని అడుగుదాం: ఒక బోర్డు చుట్టూ ఎనిమిది మంది నిలబడి, ఒకడు చేసి ఏడుగురు రీడింగులు కాపీ కొట్టే ల్యాబ్ వద్దు. ఇద్దరికి ఒక బోర్డు కావాలి. రికార్డులో గ్రాఫు ముందు గీసి రీడింగులు తర్వాత రాసే అలవాటుకి సంతకం పెట్టకండి.

ఐటీడీఏలని, హాస్టళ్లని అడుగుదాం: ప్రతి పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కి ఒక కిట్ పెట్టె. బ్రెడ్‌బోర్డు, మల్టీమీటర్, రెసిస్టర్లు, నాలుగు 358లు, జీనర్లు, బ్యాటరీ. చిప్ ఒక్కోటి ఇరవై రూపాయల లోపే. క్రికెట్ కిట్ ఇచ్చినప్పుడు ఇది ఇవ్వలేరా? మన విజయనగరంలో ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని కూడా వేసవి శిబిరం పెట్టమని అడుగుదాం.

సీనియర్లూ, "వద్దురా" అని చెప్పే టైములో నెలకి ఒక ఆదివారం వచ్చి ఒక సర్క్యూట్ చూపించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వరస ఇది. మొదటి రెండు వారాలు ఓమ్, కిర్చాఫ్, నోడ్ లెక్కలు. తర్వాత రెండు సూత్రాలతో ఇన్వర్టింగ్, నాన్ ఇన్వర్టింగ్, బఫర్, సమ్మింగ్, డిఫరెన్స్. తర్వాత కంపారేటర్, హిస్టరిసిస్. తర్వాత ఇంటిగ్రేటర్, ఫిల్టర్లు. చివర్లో ఆఫ్‌సెట్, స్లూ రేట్, బ్యాండ్‌విడ్త్. ప్రతి సర్క్యూట్‌నీ మూడుసార్లు చేయండి: కాగితం మీద, సిమ్యులేషన్‌లో, బ్రెడ్‌బోర్డు మీద. మూడు జవాబులూ ఎందుకు కలవలేదో రాసుకోండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కె. రాధాకృష్ణ రావు గారి అనలాగ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రీల్స్ చూసే డేటాలో రోజుకి అరగంట చాలు.

ఇప్పుడు పని. పైన చెప్పిన బ్యాటరీ సర్క్యూట్‌లో ఆర్3ని 100 నుంచి 47 కిలో ఓములకి మార్చండి. మిగతావి అలాగే ఉంచండి. లైటు ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతాది, ఎన్ని వోల్టుల దగ్గర వెలుగుతాది? ఆ బ్యాటరీకి అది మంచిదా, కాదా? ఫార్ములా వద్దు, లెక్క మొత్తం కాగితం మీద చేసి ఫోటో పెట్టండి. తప్పొచ్చినా పెట్టండి, కలిసి దిద్దుకుందాం. "ఎక్కదు" అన్నోళ్లందరినీ ఆ ఫోటోల కింద ట్యాగ్ చేద్దాం.

జై ఆదివాసీ.